నా చూపు తగిలి పడిపోయిన జట్టు

మొన్న శనివారం ఏం జరిగిందో చెబుతాను, మధ్యలో నవ్వకుండా వినండి. కూర్చున్న చోటినుంచి కదలకుండా, ఎవరి మీదా చెయ్యి వెయ్యకుండా, ఆరోగ్యంగా ఉన్న ఏడుగురు మగవాళ్లని నేలకూల్చాను. అందులో ఒకణ్ణి రెండుసార్లు. పక్కనే మా చిన్ని కూర్చుని వేళ్లు మడిచి లెక్కపెడుతూ ఉంది.

ఫుట్‌బాల్ గురించి నాకేమీ తెలియదని మీకు తెలుసు. బ్యాంకు నన్ను కలకత్తా పంపి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లూ నేను నేర్చుకున్నదల్లా భయపడటమే. మన మనుషులు లేని ఊళ్లో ఆడపిల్లని పెంచుతున్నాం కదా. ట్రామ్ ఎక్కితే చిన్ని చెయ్యి వదలను. దిగినా వదలను. ఆకులో కట్టిచ్చే తినుబండారాలు కొననివ్వను. దానికి పదేళ్లు. నేను వద్దన్నవన్నీ దానికి ఇష్టం, అన్నిటికంటే ఎక్కువ ఇష్టం ఫుట్‌బాల్.

దానికి కారణం మా కింద వాటాలో ఉండే నిమాయ్‌దా, అంటే నిమాయ్ అన్నయ్య. మైదాన్‌లో ఒక చిన్న క్లబ్బుకి ఆయన కోచ్. పెద్ద క్లబ్బుల ఆట ఉంటే ఊరంతా ఆగిపోతుంది, వీళ్ల ఆట ఉంటే ఆటగాళ్ల బంధువులు వస్తారు. ఈ ఏడు ఆ క్లబ్బు ఫస్ట్ డివిజన్ అట్టడుగున వేలాడుతోంది. శనివారం చివరి మ్యాచ్. కనీసం డ్రా చేసుకుంటే నిలుస్తారు. ఓడితే దాదాపు కింది డివిజనే.

నిజానికి క్లబ్బు ఏమైతే నాకేం గాని, నా బెంగ అప్పలరాజు గురించి. అతను ఆ జట్టు కెప్టెన్, డిఫెన్స్ మధ్యలో నిలబడే స్టాపర్. ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటాడు, వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి రేవులో మూటలు మోసినవాడు. అప్పలరాజుకి ముప్ఫై రెండు దాటాయి, మోకాలు అరిగిపోతోంది. ఒక సర్కారు ఆఫీసు వాళ్లు తమ ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకుని పర్మనెంటు ఉద్యోగం ఇస్తామన్నారు, కాని ఫస్ట్ డివిజన్‌లో ఆడేవాడికే ఇస్తారట. ఆ దరఖాస్తు నింపింది నేనే. నింపుతుంటే అతను ఎదురుగా నిలబడి, "బాబుగారూ, ఈ ఏడు తప్పితే మరి నన్ను ఎవులూ పిలవరు" అన్నాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

అందుకని వెళ్లాను. చిన్ని వారం నుంచి ప్రాణం తీస్తోంది కూడా.

నిమాయ్‌దా మాకు దారిలోనే కలిశాడు. ఒంటిమీద పసుపుపచ్చ రెయిన్‌కోటు, తలమీద దాని టోపీ కిందికి లాగి ముఖం సగం కప్పుకున్నాడు. కిందటి మ్యాచ్‌లో లైన్స్‌మన్ మీదికి చెప్పు విసిరినందుకు ఆయన్ని గ్రౌండులోకి రానివ్వకూడదని ఉత్తర్వు ఉంది. అందుకే మారువేషం. మారువేషానికి అంత మెరిసే పసుపు ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే, "మూర్తిబాబు, మీరు చాలా మంచివారు. మీకు చెప్పకూడదు" అన్నాడు.

ముగ్గురం గ్యాలరీలో, గోలుకి కాస్త పక్కగా, కార్నర్ జెండాకి ఎదురుగా కింది వరసలో కూర్చున్నాం. ఆయనకి ఆ చోటే కావాలట, అంగుళం జరగడానికి వీల్లేదట. ఆట మొదలైన ఐదు నిమిషాలకే లేచాడు. తమలాగే అడుగున ఉన్న ఇంకో జట్టు మరో గ్రౌండులో ఆడుతోందని, అక్కడి స్కోరు తెలుసుకోవాలని, క్లబ్బు టెంటులో ఫోను ఉందని చెప్పాడు. రెయిన్‌కోటు విప్పి తన చోట పరిచాడు. "పది నిమిషాల్లో వస్తాను. ఈ సీటు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మీ మీదే నా నమ్మకం."

ఇంకేం కావాలి. నమ్మకం అన్న మాట వినిపిస్తే నేను రాత్రీ పగలూ కాపలా కాసే రకం.

ఆయన వెళ్లాడు. వాన వచ్చింది.

అది మామూలు వాన కాదు. ఆకాశం కిందికి దిగి గంగవైపు నుంచి మెల్లిగా మా మీదికి జరిగినట్టయింది. మధ్యాహ్నం మూడున్నరకే వెలుతురు తడి గోనెసంచీ రంగులోకి మారిపోయింది. అవతలి గోలు కనిపించీ కనిపించనట్టుంది. గ్యాలరీలో ఉన్న కాసిని మందీ గొడుగుల కింద ముడుచుకుని మాటలు మానేశారు. ఫుట్‌బాల్ అంటే గోల అనుకున్నాను. బంతిని తన్నిన చప్పుడు కూడా బురద మింగేస్తోంది. మసకలో ఇరవైరెండు ఆకారాలు చప్పుడు లేకుండా పరుగెత్తుతున్నాయి.

కోటు పక్కనే పెట్టుకుని తడుస్తూ కూర్చున్నాను. పరాయివాళ్ల వస్తువు వాడటం నాకు చేతకాదు.

"నాన్నా, నీకు జలుబు చేస్తుంది. నీకొస్తే నాకొస్తుంది" అంది చిన్ని, తన గొడుగు కింద నుంచి.

కోటు తొడుక్కుని, టోపీ తలమీదికి లాక్కుని, నిమాయ్‌దా కూర్చున్న చోటే కూర్చున్నాను.

ఇక్కడ ఒక ఇంటి విషయం చెప్పాలి. మా ఆవిడ సుశీల అభిప్రాయం ప్రకారం నా కళ్లు మంచివి కావు. చిన్ని బుగ్గలు బాగున్నాయని ఒకసారి అన్నాను, రాత్రికి జ్వరం. బాగా తింటోందని సంతోషించాను, వాంతులు. అప్పట్నుంచి అది అన్నం తినేటప్పుడు నేను గోడ క్యాలెండరు వైపు తిరిగి కూర్చుంటాను. బ్యాంకులో ఎవరైనా ఇలాంటివి చెబితే నవ్వుతాను. ఇంట్లో మాత్రం క్యాలెండరు వైపే తిరుగుతాను.

ఆట ఇరవై నిమిషాలు నడిచింది. నిమాయ్‌దా రాలేదు. అప్పలరాజు మా ముందే ఆడుతున్నాడు. ఎంత బాగున్నాడో చెప్పలేను. ఆరడుగుల మనిషి, బురదలో కూడా తడబడకుండా గాల్లోకి లేచి తలతో బంతిని సగం గ్రౌండు దాటించాడు. ఈ మోకాలితో ఈ వయసులో ఏం ఆడుతున్నాడురా అనుకున్నాను. కళ్లద్దాలు మసకబారాయి. జేబులోంచి రుమాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూద్దును కదా, అప్పలరాజు నేలమీద ఉన్నాడు.

అతని చుట్టుపక్కల ఎవరూ లేరు. బంతి కూడా లేదు. నరికిన చెట్టులా పడున్నాడు.

రిఫరీ వచ్చి వంగి చూశాడు. జట్టు మాలిష్‌వాలా నీళ్లబిందెతో పరుగెత్తాడు. అప్పలరాజు మాత్రం వాళ్లని చూడటం లేదు. బురదలో చెంప ఆనించి, ఒక కన్ను తెరిచి, తిన్నగా నా వైపే చూస్తున్నాడు. నేను అద్దాలు సర్దుకుని రుమాలు జేబులో పెట్టుకున్నాను. అతను లేచాడు.

మోకాలు అనుకున్నాను. అరిగిపోయిన మోకాలే.

కాసేపటికి ఎడమవైపు వింగర్ బంతి తీసుకుని పరుగెత్తాడు. సన్నటి కుర్రాడు, లేడిపిల్లలా ఉన్నాడు. వీడిది భలే పరుగు అని మనసులో అనుకున్నానో లేదో మళ్లీ అద్దాల మీద ఆవిరి. తుడుచుకున్నాను. వింగర్ లేడు. ఉన్నాడు, కాని అడ్డంగా ఉన్నాడు. మెడ తిప్పి నన్నే చూస్తున్నాడు.

ఆ చూపులో నొప్పి లేదు, కోపం లేదు. ఏదో అడుగుతున్నట్టుంది. ఇంత చాలునా, ఇంకా పడుండాలా అన్నట్టు.

వానలో కూర్చున్నా నాకు చెమటలు పట్టాయి. ఇద్దరూ నేను మెచ్చుకున్నవాళ్లే. మెచ్చుకోనివాళ్లు హాయిగా తిరుగుతున్నారు.

"చిన్నీ," అన్నాను మెల్లిగా, "నేను చూసినవాళ్లల్లా పడిపోతున్నారే."

"నువ్వు రుమాలు తీసినప్పుడు పడిపోతున్నారు నాన్నా."

"రుమాలుకీ దానికీ సంబంధం ఏమిటి?"

"ఏమో. కళ్లకి మాత్రం ఏమిటి?"

చదువుకున్న పిల్లకి ఇలాంటివి చెప్పకూడదని మళ్లీ ఆటవైపు తిరిగాను.

సగం ఆట అయింది. గోల్స్ లేవు. నిమాయ్‌దా లేడు. రెండో సగంలో జట్లు వైపులు మార్చుకున్నాయి, మా గోల్‌కీపర్ అవతలి కొసకి వెళ్లాడు. అంత దూరంలో వాన తెరల వెనక అతను నిలువెత్తు నల్లటి గీతలా కనిపిస్తున్నాడు. అవతలి జట్టు ఫార్వర్డు ఒకడు కొడితే ఆ గీత పక్కకి సాగి బంతిని ఆపింది. అబ్బ అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. అద్దాలు తుడుచుకుని భయంభయంగా చూశాను.

నిలువు గీత అడ్డగీత అయింది.

ఈసారి రిఫరీ ఆట ఆపలేదు, ఆయనకి విసుగొచ్చినట్టుంది. నేను అద్దాలు, రుమాలు అలాగే చేతుల్లో పట్టుకుని కొయ్యబారిపోయాను. అవతలి జట్టువాడు బంతితో నడుచుకుంటూ వెళ్లి, పడుకున్న కీపర్ని మర్యాదగా దాటి, గోల్లోకి నెట్టాడు. కీపర్ కదల్లేదు. వలలో పడ్డ బంతి పక్కన ఆ మనిషి నల్లటి మూటలా పడున్నాడు. ఇంత దూరం నుంచి కూడా తల మా వైపు తిరిగి ఉందని తెలుస్తోంది.

గ్యాలరీలో ఎవరూ అరవలేదు. ఒకాయన గొడుగు మూసి, తడుస్తూ లేచి వెళ్లిపోయాడు.

అప్పుడే వినిపించింది. ఎక్కడినుంచో, చాలా దూరం నుంచి, వాన లోపలి నుంచి.

"మూర్తిబాబూ..."

వెనక్కి చూశాను. ఎవరూ లేరు. పక్కన ఎవరూ లేరు.

"మూర్తిబాబూ..."

మగగొంతే, కాని బాగా అరిగిపోయిన గొంతు. చిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పలకకు నాన్నా. అది నిశి దయ్యం. రెండుసార్లే పిలుస్తుంది. పలికితే వెంట తీసుకుపోతుంది. మా క్లాసులో మౌసుమి చెప్పింది."

"నిశి వచ్చేది రాత్రిపూట కదే."

"ఇప్పుడు మాత్రం పగల్లా ఉందా?"

నేను బ్యాంకు ఆఫీసర్ని. పరీక్షలు పాసయి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. అయినా మూడో పిలుపు కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. రాలేదు. గుర్రపు డెక్కల చప్పుడు మాత్రం వినిపించి దూరమైంది. ఇక ఆ గొంతు వినిపించలేదు.

పది నిమిషాలు ఉన్నాయి. ఒక గోలు వెనకబడ్డారు. సైడులైను దగ్గర చేతులు నడుముకి పెట్టుకుని అప్పలరాజు ఒక్క క్షణం ఆగాడు. మా ఇంట్లో దరఖాస్తు నింపిన రోజు ఎలా నిలబడ్డాడో అలాగే ఉన్నాడు. ఆ ఉద్యోగం నా కళ్ల వల్లే పోతోంది. వాళ్లావిడకి ఏం చెబుతాను? ఇక చూడకూడదని నిర్ణయించుకున్నాను. గ్రౌండులో క్యాలెండరు లేదు. అందుకని రుమాలు విప్పి ముఖానికి నిండుగా కప్పుకున్నాను.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. బురదలో నాలుగు మెత్తటి చప్పుళ్లు.

"నాన్నా తియ్యి, రుమాలు తియ్యి" అని చిన్ని లాగేసింది. నలుగురు నాలుగు దిక్కుల్లో పడున్నారు. యుద్ధం అయిపోయాక మైదానంలా ఉంది. నాలుగు తలలు బురదలోంచి మెల్లిగా లేచి నా వైపు తిరిగాయి. రిఫరీ నడుమున చేతులు పెట్టుకుని వాళ్లని చూశాడు, తర్వాత ఆకాశంలోకి చూశాడు. అవతలి జట్టువాళ్లు కూడా తిట్టడం మానేశారు. వాళ్లలో ఒకడు మెడలో తాయెత్తు తడుముకోవడం నేను చూశాను.

"చెప్పానా," అంది చిన్ని. "రుమాలే."

"కప్పుకుంది ఎందుకు? నా చూపు తగలకూడదనే కదా. అయినా తగిలింది. గుడ్డలోంచి కూడా దూరిందంటే ఎంత బలమైన చూపో ఆలోచించు."

అది నన్ను జాలిగా చూసి రుమాలు తిరిగి ఇచ్చింది. పిడికిట్లో నలిపి పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఇక తెరవనని ఒట్టు పెట్టుకున్నాను. ఒక నిమిషం. రెండు. చివరి నిమిషం అని వెనకెవరో అన్నారు.

"నాన్నా, అప్పలరాజు మామయ్య వస్తున్నాడు. మామయ్య దగ్గరే బంతి."

తెరవకుండా ఎలా ఉంటాను? తెరిచాను. అప్పలరాజు డిఫెన్స్ వదిలేసి, ఆ మోకాలితో, గ్రౌండంతా దాటుకుని మా ముందున్న గోలువైపే వస్తున్నాడు. ఇద్దరు వెంటపడుతున్నారు. ముందు కీపర్ ఒక్కడే. బురద రెండువైపులా నీళ్లలా చీలిపోతోంది. నా జన్మలో ఒక మనిషి అంత అందంగా పరుగెత్తడం చూడలేదు. ఆ మాట మనసులో పుట్టగానే ప్రాణం ఎగిరిపోయింది. తల తిప్పడానికి టైము లేదు. చేతిలో ఉన్నదే కళ్లకి అడ్డం పెట్టేసుకున్నాను.

దబ్ మని చప్పుడు. ఆ వెంటనే పొడుగాటి ఈల.

గుడ్డ కిందికి దించాను. గోలుకి ఆరడుగుల దూరంలో అప్పలరాజు పడున్నాడు. వెంటపడిన డిఫెండర్ చేతులు రెండూ ఎత్తి, "నేను ముట్టుకోలేదు, అమ్మ తోడు ముట్టుకోలేదు" అని వణుకుతున్నాడు. రిఫరీ వేలు సున్నపు చుక్క వైపు చూపిస్తోంది.

పెనాల్టీ.

కొట్టింది అప్పలరాజే. నేను చూడలేదు. రుమాలు చిన్నికిచ్చి, తల మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. గ్యాలరీలో అంతసేపటికి మొదటిసారి మనుషుల గొంతులు వినిపించాయి. "అయిపోయింది నాన్నా, ఒకటి ఒకటి" అని అది నా వీపు మీద చరిచింది. ఇంకాసేపటికి ఆట ముగిసింది. నిలబడ్డారు.

బయటికి వస్తుంటే గేటు అవతల నిమాయ్‌దా నిలబడి ఉన్నాడు. తలనుంచి పాదాల దాకా బురద, గొంతు పూర్తిగా పోయింది. కోటు లేకుండా తిరిగొచ్చినప్పుడు గేటు దగ్గర ఆయన్ని గుర్తుపట్టి ఆపేశారట. టిక్కెట్టు లేనివాళ్లు కంచె బయట గట్టు ఎక్కి, అట్టపెట్టెకి అద్దాలు బిగించిన గొట్టంలోంచి ఆట చూస్తారు ఇక్కడ, ఆయనా అలాంటి గొట్టం ఒకటి అడిగి తీసుకుని చూశాడట. అందులోంచి తన కోటులో నన్ను చూసి రెండుసార్లు పిలిచాడట. మూడోసారి పిలిచేలోపు గుర్రం మీద పోలీసు వచ్చి గట్టు దింపేశాడు.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. పసుపు కోటు, తెల్ల రుమాలు ఆయన గుర్తులు. రుమాలు కనిపిస్తే, చూసినవాళ్లు వెంటనే పడిపోవాలి, టైము కరిగించాలి. రుమాలు లోపలికి వెళ్లేదాకా లేవకూడదు. "ఓడిపోతున్నా సరే, మీ బుర్ర వాడకండి అని కుర్రాళ్లకి చెప్పాను. అవతలి గ్రౌండు స్కోరును బట్టి ఒక గోలుతో ఓడినా సరిపోవచ్చు, ఆ లెక్క నాకే తెలుస్తుంది కదా. మీకు చెబితే మీరు రిఫరీకి ఉత్తరం రాస్తారని చెప్పలేదు మూర్తిబాబు."

రాసేవాణ్ణే. రాయడం కాదు, తిన్నగా వెళ్లాను. నిమాయ్‌దా చొక్కా పట్టుకుని లాగుతున్నా రిఫరీ గదికి వెళ్లి, ఆ పెనాల్టీ అన్యాయమని, దానికి కారకుణ్ణి నేనేనని ఒప్పుకున్నాను. ఆయన బూట్లలోంచి నీళ్లు ఒంపుతున్నాడు. "దాదా, కాలు తగలడం నా కళ్లతో నేను చూశాను. మీరు ఇంటికి వెళ్లి వేడిగా ఏమైనా తాగండి" అన్నాడు.

అప్పలరాజు టెంటు బయట మోకాలి మీద మంచు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"దెబ్బ తగిలిందా అప్పలరాజూ? నిజం చెప్పు."

"దెబ్బేటి బాబుగారూ. ఎవులూ తగల్లేదు. గోలు ముందు నానొక్కణ్ణే ఉన్నాను. తంతే అయిపోద్ది. తలెత్తి సూస్తే రుమాలు. ఏటీ నిమాయ్‌దా, ఇప్పుడు పడమంటాడేటి, మతి పోనాదా అనుకున్నాను. కడుపు మండిపోనాది. అయినా పడమన్నాడు కదాని పడిపోనాను."

"అది నిమాయ్‌దా కాదు. నేను."

అతను నన్ను, నా కోటుని మార్చి మార్చి చూశాడు. చిన్ని నవ్వు ఆపుకోలేక నా వెనక్కి వెళ్లింది.

"మరయితే కీపర్ని గోల్లో పడుకోబెట్టింది..."

"నేనే."

"ఆడు లోపల నిమాయ్‌దాని తిడతన్నాడు. మీరని తెలిస్తే... సర్లెండి బాబుగారూ. ఉద్యోగం నిలబడ్డాది. అదే సాలు."

నిలబడింది. నిన్న సాయంత్రం ఆఫీసు ఉత్తరం పట్టుకుని ఇంటికొచ్చాడు. కాయితాలతో పాటు ప్రవర్తన గురించి ఒక సర్టిఫికెట్ కావాలట, బ్యాంకు ఆఫీసర్ రాసిస్తే చెల్లుతుందట. సుశీల అతనికి టీ ఇచ్చింది, అతను ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. నేను కలం పట్టుకున్నాను. నాలుగేళ్లుగా ఎరుగుదును అని రాశాను, అది నిజం. నిజాయితీపరుడు అని రాయబోయి ఆగిపోయాను. పెనాల్టీ గుర్తొచ్చింది. గంట గడిచింది. అప్పలరాజు రెండో టీ కూడా తాగాడు. చిన్ని బల్ల పక్కన నిలబడి, "రాయి నాన్నా, ఏదో ఒకటి రాయి" అంటోంది. అబద్ధం రాయలేను, రాయకపోతే అతని ఉద్యోగం పోతుంది.

చివరికి ఎక్కడా అబద్ధం లేని వాక్యం ఒకటి దొరికింది. సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాను. "పైవారి ఆదేశాలను, అవి ఎంత తెలివితక్కువవైనా సరే, ఇతడు క్షణం ఆలస్యం లేకుండా పాటిస్తాడు. నేను స్వయంగా పరీక్షించాను."

ఇవాళ పొద్దున్న కబురొచ్చింది. సోమవారం నుంచి ఉద్యోగంలో చేరమన్నారట. అంత గొప్ప సర్టిఫికెట్ తమ ఆఫీసుకి ఇంతవరకు ఎవరూ తేలేదన్నారట.